నడుమ నలభై ఎనిమిది అక్షరాలు

నాలుగో బాయి, ముద్రల గది పుస్తకం. రాసేది ఓదెమ్మ.

రోజు 202. దీపం నిండుగా ఉంది.

పెద్ద ఫ్యాను బుర్ర కాలిపోయింది. ఫ్యాను గది చూసుకునే దుర్గయ్య పొద్దున్నే మొహం వేలాడేసుకుని వచ్చి ఆ మాట చెప్పాడు. బుర్ర అంటే ఫ్యాను ఎంత వేగంగా తిరగాలో చెప్పే పెట్టె. తేమకు తడిసి లోపల అంటుకుందట. ఖాళీ పెట్టె ఇంకొకటి ఉంది గానీ అందులో వేయడానికి ప్యాకేజీ, అంటే దాన్ని నడిపే ఫైలు, కావాలి. ఆ ప్యాకేజీ కాపీ నా అల్మారాలో భద్రంగా ఉందని పదకొండేళ్లుగా అందరికీ గొప్పలు చెబుతున్నాను. తీసి చూస్తే చిప్పు నిండా బూజు. అయినా ఆశ చావక ముద్ర తీశాను. ఒక్క అక్షరం కలవలేదు.

"ఏం జేద్దాం మరి?" అన్నాడు దుర్గయ్య.

"ఆరో బాయిల అడుగుత. మా అక్క పంపిస్తది."

"గప్పటిదాంక?"

"గప్పటిదాంక చేత్తోని తోలు."

చేత్తో తోలడమంటే పిడి దగ్గర ఒక మనిషి కూర్చుని, సూది చూస్తూ, పొద్దంతా రాత్రంతా ఎక్కిస్తూ దించుతూ ఉండాలి. మూడు షిఫ్టులకు నలుగురేసి మనుషులు. దుర్గయ్య నన్ను చూసిన చూపుకు ఇంకొకరైతే మాడిపోయేవాళ్లు. నాకేం కాలేదు, ముద్రల గదిలో ఇలాంటి చూపులు రోజూ తింటాను.

సాయంత్రం, పైన నేల మీద ఏరుకొచ్చే గుంపు వాళ్లు ఎక్కడో కూలిన ఆఫీసులో దొరికాయని మూడు చిప్పులు తెచ్చారు. ముద్ర యంత్రంలో పెట్టాను. ఏ ఫైలు పెట్టినా ఆ యంత్రం అరవై నాలుగు అక్షరాలు కక్కుతుంది. ఫైలులో ఒక్క చుక్క మారితే చాలు, అరవై నాలుగూ మారిపోతాయి. వచ్చిన ముద్ర మా రిజిస్టరులో ఉంటే అది తెలిసిన ఫైలు, లోపలికి రానిస్తాం. లేకపోతే అది ఎంత ముద్దుగా కనిపించినా సుత్తే. ఇవాళ ఒకటి తెలిసింది, రెండో నంబరు పంపు ప్యాకేజీ. మిగిలిన రెంటినీ పొడి చేశాను.

అరవై నాలుగూ కూర్చుని ఎవరూ చూడరు. ముందు ఎనిమిది, వెనక ఎనిమిది చూస్తాం. తలా తోకా అంటాం. తలా తోకా కలిస్తే నడుమ కలవక ఎక్కడికి పోతుంది? రిజిస్టరులో రాసి ఉన్నదీ అంతే. ముప్పై ఏళ్ల కింద వరద నీళ్లు దిగి పాత పుస్తకాలు ముద్దయిపోతుంటే, కాగితం చాలక ఐలవ్వ అలా కుదించి ఎత్తి రాసిందట. మాలాగే పాత బొగ్గు గనుల్లో కాపురం ఉండే అన్ని బాయిల వాళ్లూ ఆమె రిజిస్టరు చూసే రాసుకున్నారు.

రోజు 203. దీపం నిండుగా.

పొద్దున ఆరింటికి రేడియో. "నాలుగో బాయి, ఓదెమ్మ, అందరు తిన్నరా?" అని నేను మొదలుపెడతాను. రెండో బాయి, తొమ్మిదో బాయి, చివర ఆరో బాయి ఒకరి తర్వాత ఒకరు పలుకుతారు. ఎవరి దగ్గర కొత్తగా ఏ ఫైలు తేలిందో దాని తలా తోకా చదువుతారు, మిగిలిన వాళ్లు రాసుకుంటారు. బ్యాటరీ పొదుపు కాబట్టి మనిషికి రెండే నిమిషాలు.

ఆరో బాయిలో చదివేది మా అక్క. పద్నాలుగేళ్ల కింద పెళ్లయి అక్కడికి పోయింది. ఆ తర్వాత నేను ఆమెను చూసింది రెండుసార్లు. అమ్మ పోయాక నన్ను సాకింది అక్కే. ముద్రలో వచ్చే ఎ, బి, సి, డి, ఇ, ఎఫ్‌లు బొగ్గుతో గోడ మీద రాసి దిద్దించిందీ తనే. ఆమె ఊపిరితిత్తుల్లో సగం బొగ్గు పొడే ఉంది. ఎనిమిది అక్షరాలు ఒక్క దమ్ములో చదవలేదు. నాలుగు చదువుతుంది, ఈల లాంటి ఊపిరి ఒకటి తీస్తుంది, మళ్లీ నాలుగు. నాకు రోజు మొదలయ్యేది ఆ ఈలతోనే.

"ఎట్లున్నవే ఓదీ, తిన్నవా?" అంది.

ఫ్యాను సంగతి చెప్పాను.

"ప్యాకేజి ఉన్నది. కీచు మీద పంపుత, పట్టుకో."

"మనిషినెవలన్న తోలరాదే. చిప్పయితే రెండు పొద్దుల్ల అందుతది."

"ఎండలు ముదిరినయ్, ఎవ్వలను తోలుతలేం. పయిలం చెల్లె."

రోజూ ఆ జాగ్రత్త చెప్పే ముగిస్తుంది. కీచు అంటే ఫైలును శబ్దంగా మార్చి రేడియోలో పంపడం. తొమ్మిది పొద్దులు పడుతుంది. ఆ తొమ్మిది రోజులూ ముద్రల గది పక్కన కాపురం ఉన్నవాళ్లు నన్ను తిట్టుకుంటారు.

రోజు 211. దీపం నిండుగా.

కీచు అయిపోయింది. ముద్ర తీశాను. అక్క చదివింది: "ఏడు ఎఫ్ మూడు సి," ఈల, "తొమ్మిది సున్న బి ఇ." అది తల. "నాలుగు నాలుగు డి ఒకటి," ఈల, "ఎ ఎనిమిది ఎఫ్ ఆరు." అది తోక. నా తెర మీద అదే, రిజిస్టరులో అదే. పచ్చ సిరాతో 'తెలిసినది' అని రాసి కింద సంతకం పెట్టాను.

మధ్యాహ్నానికి పెట్టెలో ఎక్కించారు. ఫ్యాను గుర్రుమని అందుకుంది. దుర్గయ్య అద్దం మీద సూది చూపించి, "రెండు వందల నలభై, చూడు, పెండ్లిపిల్ల లెక్క నిలవడ్డది" అన్నాడు. సర్దారు రాజలింగం, అంటే మా బాయి పెద్ద, పిడి దగ్గర కూర్చున్న వాళ్లందరికీ బెల్లం చాయ పోయించాడు. నాకూ ఒక గ్లాసు వచ్చింది. మా అక్కకు రావాల్సిన చాయ అది.

రోజు 215. దీపం నిండుగా.

విశేషం లేదు. ఏరియల్ తీగ మీద దుమ్ము దులపడానికి పైకి ఎక్కాను. పొద్దున ఏడింటికే ఇనుప నిచ్చెన పట్టుకోలేనంత కాలింది. దిగేసరికి చెప్పు అట్ట మెత్తబడింది.

రోజు 219. దీపం కొంచెం తగ్గింది.

మూడో లెవల్ తలుపు దగ్గర తూకం దీపం వేలాడుతుంది. గాజు బుడ్డిలో చిన్న మంట. గాలి మంచిగా ఉంటే బొటనవేలి గోరంత నిలబడుతుంది. చచ్చు గాలి చేరితే కుంగుతుంది. మా తాతల నాటి నుంచి బాయిలో దిగేవాళ్లు నమ్ముకున్నది అదొక్కటే. దాని సంగతి ఈ పుస్తకంలో పైన రాయడం మా గదికి ఆనవాయితీ, అంతే గానీ గాలి చూసుకోవడం నా పని కాదు.

ఇవాళ మంట చిటికెన వేలి గోరంతే ఉంది. దుర్గయ్యకు చెప్పాను.

"వత్తి మార్సినవా?"

"మార్సిన."

"నూనె?"

"దుర్గన్నా, నాకు దీపం ముట్టిచ్చుడు నేర్పుతవా? ఫ్యాను జూడు."

"ఫ్యాను రెండు వందల నలభై. సూది అబద్ధమాడది ఓదెమ్మా." అద్దం మీద గోటితో కొట్టి మరీ చూపించాడు.

సూది రెండు వందల నలభై దగ్గరే ఉంది. గీసి పెట్టినట్టు కదలకుండా ఉంది. ఇంతకుముందు ఫ్యాను సూది ఎప్పుడూ కాస్త వణికేది. అది నాకు ఇప్పుడు రాస్తుంటే గుర్తొస్తోంది.

రోజు 224. దీపం ఇంకా తగ్గింది.

మూడో లెవల్‌లో జనం ఎక్కువ నిద్రపోతున్నారు. పొద్దు షిఫ్టు మస్టరుకు, అంటే హాజరుకు, పదకొండు మంది లేవలేదు. తలనొప్పి అంటారు, మెత్తగా నవ్వుతారు, మళ్లీ పడుకుంటారు. వాళ్లంతా ముసలివాళ్లు. అన్నింటికన్నా కింద ఉన్న లెవల్ చల్లగా ఉంటుందని ముసలివాళ్లకు అక్కడ ఇళ్లు ఇచ్చాం. చచ్చు గాలి బరువు, అది కూడా కిందికే చేరుతుంది.

ఐలవ్వకు గంజి తీసుకుపోయాను. రిజిస్టరు ఎత్తి రాసింది ఈమేనని ముందే రాశాను. ఎనభై దాటాయి. నాకు ఈ పని నేర్పింది, మొట్టికాయలు కూడా ఉచితంగా ఇచ్చింది. మంచం మీద కూర్చుని కళ్లు చికిలించింది.

"ఏందే పొల్లా, దీపం గట్ల సచ్చిపోతుంది?"

"వత్తి బాగలేదవ్వా."

"నాకా చెప్తున్నవ్?" అంది. గంజి సగమే తాగింది. ఈమె గిన్నెలో మెతుకు మిగలనివ్వని మనిషి. నాకు భయం వేసింది.

రోజు 228. దీపం గింజంత ఉంది.

ఫ్యాను బెల్టుకు ఒకచోట అతుకు ఉంది. ఆ అతుకు చక్రం మీదికి వచ్చినప్పుడల్లా టక్కుమంటుంది. ముద్రల గది ఫ్యాను గదికి ఆనుకునే ఉంది కాబట్టి పదకొండేళ్లుగా ఆ చప్పుడు వింటూనే అక్షరాలు రాస్తున్నాను. ఇవాళ ఎనిమిది అక్షరాలు రాసేసరికి చప్పుడు నా చేతికంటే వెనకబడింది.

గడియారం పట్టుకుని పోయి, బెల్టు పక్కన కూర్చుని నిమిషం పాటు లెక్కపెట్టాను. రెండు వందల ఆరు. మళ్లీ పెట్టాను. రెండు వందల ఆరు. సూది మాత్రం రెండు వందల నలభై మీదే ఉంది. దుర్గయ్యను పక్కన కూర్చోబెట్టి లెక్కపెట్టించాను. అతను మూడుసార్లు లెక్కపెట్టి, టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. సూదిని ఆడించేది కూడా ఆ పెట్టెలోని ప్యాకేజీయే.

పదిహేడు రోజుల్లో ముప్పై నాలుగు చుట్లు తగ్గాయి. రోజుకు రెండు. ఎవరికీ తెలియకుండా, తొందర లేకుండా, రోజుకు రెండే. అలా పోతే మూడు వందల ముప్పై ఒకటో రోజున ఫ్యాను ఆగుతుంది. అంతకు చాలా ముందే మూడో లెవల్‌లో దీపం ఆరిపోతుంది.

"గిది మిషను తప్పా, ఫైలు తప్పా?" అని అడిగాడు దుర్గయ్య.

"ఫైలు ముద్ర కలిసింది."

"మొత్తం?"

తలా తోకే చూశానని ఒప్పుకున్నాను.

అక్కడి నుంచి నేరుగా ఐలవ్వ దగ్గరికి పోయాను. మొదటి తరం వాళ్లు ఒక్కొక్కరు ఒక్కో యంత్రం ముద్ర మొత్తం కంఠస్థం చేసేవారు. పుస్తకాలు తడిసినా మనిషి నోట్లో ఉంటుందని. ఆ తరంలో మిగిలింది ఐలవ్వ ఒక్కతే. ఆమెకు ఇచ్చింది పెద్ద ఫ్యాను ముద్ర అని ఎప్పుడో చెప్పింది. నా తెర మీది అరవై నాలుగూ కాగితం మీద రాసుకుని పోయాను.

ఆమె కళ్లు మూసుకుని మొదలుపెట్టింది. ఏడు ఎఫ్ మూడు సి, తొమ్మిది సున్న బి ఇ. కలిసింది. తొమ్మిదో అక్షరం ఆమె ఇ అంది. నా కాగితం మీద రెండు. పదోది ఆమె ఆరు, నాది బి. అక్కడి నుంచి అంతా వేరే. చివరి ఎనిమిదీ మళ్లీ అచ్చు గుద్దినట్టు కలిశాయి. ముసలామె మరిచిపోయి ఉంటుందని నాకు నేను చెప్పుకుని, మళ్లీ చెప్పమన్నాను. రెండోసారీ అవే అక్షరాలు, అదే వరసలో.

"అవ్వా, ఫైలు పాడైందంటవా?"

"పాడైతే తల ఎట్ల కలుస్తది, తోక ఎట్ల కలుస్తది? ఎవలో కావాలని కలిపిండ్రు." దగ్గింది. "తప్పు ఫైలు తయారుజేసి, తలా తోకా కుదిరేదాంక చిన్నచిన్నగ మార్సుకుంట ముద్ర దీస్త పోవాలె. కోట్ల కోట్ల సార్లు. గంత ఓపిక మనిషికి ఉండది బిడ్డా."

"మరెవలకు ఉంటది?"

పైకి చూసింది. పైన బండ ఉంది, బండ మీద నేల, నేల మీద మా తాతలు వదిలేసి వచ్చినవన్నీ ఉన్నాయి. వాళ్లు దిగేటప్పుడు ఆలోచించే యంత్రాలు కొన్నింటిని ఆర్పకుండానే వచ్చారని చెబుతారు. ఎండ ఉన్నంత కాలం వాటికి కరెంటుకు కొదవ లేదు.

"మనం తలా తోకానే సూస్తమని దానికెట్ల తెలుసు?" అన్నాను.

"రోజూ పొద్దుగాల రేడియోల చదువుతలేమానే" అంది ఐలవ్వ. దుప్పటి మోకాళ్ల దాకా లాక్కుని, "గట్ల రాయుమన్నది నేనే" అంది. ఆ మాట అన్నప్పుడు ఆమె మొహం చూడలేకపోయాను.

సర్దారుకు ఇవాళే చెప్పేయాలి. చెబితే ముందు ఆరో బాయితో రేడియో మాట తెంపేస్తాడు. ఫైలు పంపింది అక్క, తలా తోకా చదివింది అక్క. ఆమెను ఎవరో మోసం చేసి ఉంటారు. రేపు పొద్దున ఒక్కసారి అక్కను అడిగి అప్పుడు చెబుతానన్నాను. "ఒక్క పొద్దే" అంది ఐలవ్వ. దుర్గయ్యను కూడా బతిమాలి ఆపాను.

రోజు 229. దీపం గింజంత.

అడగలేకపోయాను. "ఎట్లున్నవే ఓదీ, తిన్నవా?" అంది. నువ్వు పంపింది విషం అని అక్కతో రేడియోలో నలుగురూ వింటుండగా ఎలా అంటారు? తిన్నానన్నాను. ఆమె చదివింది, నేను రాసుకున్నాను. పయిలం చెల్లె అంది. రేపు కచ్చితంగా అడుగుతానని దుర్గయ్య దగ్గర నీళ్లు నమిలాను. అతను పోయి మళ్లీ బెల్టు లెక్కపెట్టుకున్నాడు.

రోజు 230. దీపం ఆరింది.

ఐలవ్వ నిద్రలోనే పోయింది. ఆమెతో పాటు ఆ వరసలోనే ఇంకో ఇద్దరు.

నేను ఆపిన రెండు రోజుల్లో పోయారు. చచ్చు గాలి చంపిందని మస్టరు పుస్తకంలో రాస్తారు. ఈ పుస్తకం నాది కాబట్టి ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను, నా సంతకం చంపింది, ఆ తర్వాత నా నోరు చంపింది. నాకు ఏడుపు కూడా సరిగ్గా రావడం లేదు.

రాజలింగానికి మొత్తం చెప్పాను. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. ఐలవ్వ కాళ్ల దగ్గర కూర్చుని, "మరి ఇప్పుడేం జేద్దాం ఓదెమ్మా?" అని అడిగాడు. తిట్టినా బాగుండేది.

పెట్టె ఊడదీశారు. దుర్గయ్య పిడి పట్టుకుని, సూదిని గుడ్డతో కప్పేసి, అతుకు చప్పుడు లెక్కపెడుతూ ఫ్యానును రెండు వందల నలభైకి తెచ్చాడు. నలుగురేసి మనుషులు, మూడు షిఫ్టులు. ఈసారి ఎవరూ సణగలేదు. మూడో లెవల్ వాళ్లందరినీ ఒకటో లెవల్‌కు మోసుకొచ్చాం. సాయంత్రానికి దీపం మళ్లీ ముట్టించగలిగారు.

ఐలవ్వ చెప్పిన ముద్ర నా దగ్గర మొత్తం రాసి ఉంది. దాన్ని నేను ఇవాళ కంఠస్థం చేశాను.

రోజు 231. దీపం చిటికెన వేలి గోరంత, పెరుగుతోంది.

రాజలింగం, దుర్గయ్య నా వెనక నిలబడ్డారు. నోరు మెదపొద్దని ఇద్దరికీ చెప్పాను. ఆరింటికి రేడియో పెట్టి, రోజూ అన్నట్టే అన్నాను, "నాలుగో బాయి, ఓదెమ్మ, అందరు తిన్నరా?" రెండో బాయి, తొమ్మిదో బాయి అయిపోయాయి.

"ఎట్లున్నవే ఓదీ, తిన్నవా?"

"తిన్ననక్కా. ఫ్యాను ఫైలు ముద్ర మళ్లొకసారి చదువవా? నా కాగితం తడిసింది."

"ఏడు ఎఫ్ మూడు సి," ఈల, "తొమ్మిది సున్న బి ఇ. నాలుగు నాలుగు..."

"గట్ల గాదక్కా. మొత్తం చదువు. నడుమది గూడ."

"తలా తోకా సాలదా చెల్లె?"

"ఈసారికి చదువు."

క్షణం ఆగలేదు. "ఏడు ఎఫ్ మూడు సి," ఈల, "తొమ్మిది సున్న బి ఇ" అని మొదలైంది, ఆ తర్వాత రెండు బి ఐదు ఐదు ఇ ఒకటి సి ఎనిమిది సున్న ఎఫ్ ఎఫ్ మూడు ఎ తొమ్మిది నాలుగు డి అని పోతూనే ఉంది. నేను కాగితం మీద వేలు జరుపుతూ ఈల కోసం ఎదురుచూస్తున్నాను. పదహారు అయ్యాయి. ఇరవై నాలుగు అయ్యాయి. గొంతు అక్కదే. పలుకు అక్కదే, తొమ్మిదిని కాస్త సాగదీసి పలికే తీరు కూడా అక్కదే. నలభై ఎనిమిది అక్షరాలు అయ్యేదాకా ఎక్కడా ఊపిరి తీయలేదు. తోక దగ్గరికి రాగానే "నాలుగు నాలుగు డి ఒకటి," ఈల, "ఎ ఎనిమిది ఎఫ్ ఆరు."

అక్క ఎప్పుడూ తలా తోకే చదివింది. పైన ఉండి వింటున్నదానికి ఆ రెంటిలో ఊపిరి ఎక్కడ తీయాలో తెలుసు. నడుమ చదవాల్సి వస్తే మా అక్క ఎక్కడ ఆగుతుందో దానికి వినే అవకాశం రాలేదు.

దుర్గయ్య నా భుజం పట్టుకున్నాడు.

"రాసుకున్నవా?" అంది ఆ గొంతు.

"రాసుకున్న" అన్నాను.

"పయిలం చెల్లె," ఈల, చిన్న దగ్గు.

"పయిలం అక్కా" అన్నాను. అలవాటు కొద్దీ అన్నాను.

రోజు 232. దీపం నిండుగా.

నిన్నంతా పాత పుటలు తిరగేశాను. అక్క అన్న మాటలన్నీ ఈ పుస్తకంలోనే రాసి పెట్టుకునే పిచ్చి నాకుంది. ముప్పై ఒకటో రోజున ఇలా ఉంది: "చింతపండు ఒడిసిపోయింది, పప్పుల ఉప్పేసి చారు అని బొంకుతున్న, మీ బావ నమ్మి తాగుతుండు" అంది, నవ్వింది, నవ్వు దగ్గయింది, ఆ దగ్గులోనే రెండు నిమిషాలూ అయిపోయి ముద్రలు చదవనే లేదు. ముప్పై రెండో రోజు నుంచి నిన్నటిదాకా ఎట్లున్నవే ఓదీ, తిన్నవా, పయిలం చెల్లె, అడిగితే ఒక జవాబు, అంతే. నడుమ తన సొంత ముచ్చట ఏమీ లేదు. నేను గమనించలేదు. ఈల వినిపించేది, నాకది చాలింది. ఆ రెండు వందల రోజుల్లో ఆరో బాయి నుంచి నడిచి వచ్చిన మనిషి ఒక్కరూ లేరు.

ఆరో బాయికి కూడా పెద్ద ఫ్యాను ఒకటి ఉంది.

నేను అక్కడికి నడిచి పోతున్నాను. రాజలింగం వద్దన్నాడు. నువ్వు పోయి చేసేదేముంది, అక్కడేముందో నీకూ తెలుసు, నాకూ తెలుసు అన్నాడు. తెలుసు. కానీ చూడకుండా తెలిసిందనుకోవడం ఈ గదిలో చాలాకాలం చేశాను. అక్క ఉంటే తెచ్చుకుంటాను. లేకపోతే మన్ను పోసి వస్తాను, వచ్చే దారి ఉంటే. తెల్లారగట్ల రెండు గంటలు, పొద్దుగూకాక రెండు గంటలు నడవాలి, మధ్యలో పాత రోడ్డు మోరీల కింద పడుకోవాలి. నీళ్లు ఏడు సీసాలు కట్టుకున్నాను. దుర్గయ్య తన టోపీ ఇచ్చాడు. అది తలకు పట్టలేదు గానీ పెట్టుకున్నాను.

ఈ పుస్తకాన్ని రెండు ప్రతులు ఎత్తి రాయించాం. ఒకటి రెండో బాయికి, ఒకటి తొమ్మిదో బాయికి మనుషులు నడిచి తెస్తున్నారు. మీ యంత్రాల్లో ఏయే ఫైళ్లు తలా తోకా చూసి ఎక్కించారో అవన్నీ మళ్లీ చూసుకోండి. సూదులు నమ్మకండి, బెల్టులు లెక్కపెట్టండి, దీపం చూడండి. మొదటి తరం వాళ్లు మీ దగ్గర ఇంకా ఎవరైనా ఉంటే ఇవాళే వాళ్ల పక్కన కూర్చుని మొత్తం రాసుకోండి. రేడియోలో మాత్రం చదవకండి.

ఇంకొకటి ఉంది, నాకు రాయబుద్ధి కావడం లేదు గానీ రాయాలి. పదకొండేళ్లుగా నేనూ ఆ రేడియోలో మాట్లాడాను.

మా రేడియో తీగ కోసి నా సంచిలో వేసుకున్నాను. నేను తిరిగి వచ్చినా రాకపోయినా నాలుగో బాయి నుంచి ఇక ఎవరూ పలకరు. అయినా రేపు పొద్దున ఆరింటికి మీకు ఓదెమ్మ గొంతు వినిపిస్తుంది. అందరు తిన్నరా అని అడుగుతుంది. ముద్రలు చదువుతుంది. పయిలం అంటుంది. తలా తోకా సరిగ్గానే ఉంటాయి. అది నేను కాదు.